బరఫు చాయ పూర్వకథ

రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమునకై 1956లో చేయబడిన చట్టమును ఓపికతో చదువువారికి, తాలూకాల పేర్లును సర్కిళ్ల పేర్లును బారులు తీరిన ఒకానొక చోట, బీదరు జిల్లా నుండి విడదీసి తెలుగు రాష్ట్రమునకు చేర్చిన భాగములలో, నిర్ణా సర్కిలు మినహాగా జహీరాబాదు తాలూకాయును, నారాయణఖేడు తాలూకాయును, వాని నడుమ బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలును కానవచ్చును. ఆ యేడు నవంబరు 1వ తేదీతో ఆ సర్కిలు మెదకు జిల్లాలో కలిసినది. అరువదియేండ్లకు పిమ్మట, 2016 అక్టోబరులో, సంగారెడ్డి జిల్లా పాలైనది. బీదరు కోట బురుజులు మాత్రము, ఒక పూట బండి ప్రయాణపు దూరములో, నాటి మైసూరు రాష్ట్రమున నిలిచిపోయినవి. భూమిశిస్తు లెక్కలను, కచేరీ కాగితములను, పట్వారీ దస్త్రములను పంచుకొనుట ఆ గీత వలన సాధ్యమైనదే కాని, గీతకు ఇరువైపుల నుండు ఇండ్లలో, వేసవి నడిమి జామున చుట్టము గడప త్రొక్కినపుడు ముందుగా చేతికందించు చెంబును పంచుట ఏ చట్టమునకును చేతకాలేదు. ఆ చెంబులో ఏమి యుండెడిది, అది యెట్లు చల్లబడెడిది, దానికి తీపి యెక్కడి నుండి వచ్చెడిది అనునదే నేనిచట చెప్పదలచినది. నేటి పిల్లలు ఐస్ టీ యని పిలుచుకొను పానీయము ఆ చెంబునకు కడగొట్టు సంతానము. దాని పుట్టుక సీమాంతరమున జరిగినను, దానిని ఇంట చేసికొనుటకు కావలసిన నేర్పంతయు ఈ ప్రాంతపు వంటిండ్లలో అంతకు ఎన్నో తరముల ముందే యుండెను.

పేరుతో మొదలిడుదము. గ్రంథములలో మనము తేనీరు అని వ్రాయుదుము. ఆ మాటను నోట పలుకువారిని నేను వ్రేళ్లపై లెక్కింపగలను. న్యాల్‌కల్ ప్రాంతమున తెలుగువారు చాయ యనియు, దక్కనీ మాటలాడువారు చాయ్ అనియు, కన్నడిగులును మరాఠీలును చహా యనియు అందురు. ఈ భాషలన్నియు ఒకే సంతలో భుజములు రాచుకొనుచు తిరుగుట వలన, ఎవరి మాట ఎవరికి అరువో చెప్పుట కష్టము. ఆకు ఎండినది చాయపత్తి, చక్కెర శక్కరి, మంచుగడ్డ బరఫు. కావున నేనును ఐస్ టీని బరఫు చాయ యనియే వ్యవహరించెదను. తేనీరు అను పండిత కల్పనలో మాత్రము ఒక చమత్కారము కలదు: కూర్చినవారు తేయాకు నీరు అని తలచిరి కాబోలు, వినువారి చెవిలో తేనె పడును. తీపి లేని చాయను చాయగా ఒప్పుకొనని జాతికి ఆ పొరపాటు వినికిడియే ఎక్కువ సత్యము.

చల్లని తీపి పానీయములకు ఈ నేలపై ఎంత పాత వంశవృక్షము కలదో తెలిసికొనగోరువారు బీదరు నుండి పడమరగా, అదే జిల్లాలోని బసవకల్యాణమునకు పోవలయును. అది పశ్చిమ చాళుక్యుల రాజధానియైన కల్యాణి. 12వ శతాబ్ది రెండవ పాదమున అచట రాజ్యమేలిన మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమను బృహద్గ్రంథమున, రాజు అనుభవింపదగిన భోగములను వరుసగా వర్ణించుచు, అన్నభోగమునకు పిదప పానీయభోగమునకు ప్రత్యేక స్థానమీయబడినది. ఏ ఋతువున ఏ నీరు త్రాగవలయునో, నీటిని ఎట్లు శుభ్రపరచి పరిమళింపజేయవలయునో విచారించుట ఒక రాజునకు తగిన పనియేనా యని నవ్వువారు, చైత్రమాసము కడపటి దినములలో ఈ మెట్టభూములపై ఒక మధ్యాహ్నము గడిపి, ఆ పిమ్మట నవ్వుదురు గాక. పానకము అను మాట వైద్యగ్రంథములలో అంతకంటె ప్రాచీనమైనది. పండ్లరసమునో బెల్లమునో నీట కలిపి, మిరియమునో ఏలకినో సోకించి త్రాగు అలవాటు మన దేశమున ఎంత దూరము పోయినను మనకంటె ముందే ఉండును.

కల్యాణి వెలుగు తగ్గిన ఇంచుమించు రెండున్నర శతాబ్దములకు బీదరు వెలుగు హెచ్చినది. బహమనీ సుల్తాను అహమ్మదుషా వలీ, 15వ శతాబ్ది మూడవ దశకమున, గుల్బర్గా నుండి రాజధానిని ఇచటికి మార్చెను. ఆయనతో పాటు పారసీక దేశపు పండితులు, శిల్పులు, సూఫీలు వచ్చిరి. నేలక్రింద సొరంగము త్రవ్వి, ఎగువ ఊటనీటిని ఎండ సోకనీయక దిగువకు నడిపించు కరేజు అను జలమార్గ విద్యయు వచ్చెను. నౌబాదు దాపున దాని బావినోళ్లు నేటికిని చూడవచ్చును. అట్టివారితో పాటు వచ్చిన మరియొక సంపద షర్బతు. త్రాగుట యను అర్థముగల అరబ్బీ ధాతువు నుండి పుట్టిన ఈ మాటయే ఐరోపా భాషలలో సిరపు, సార్బెట్ అను రూపములు దాల్చినది. అట్లే మన శర్కర అను సంస్కృత పదము పారసీకుల నోట శకర్ అయి, అరబ్బుల నోట సుక్కర్ అయి, ఆంగ్లేయుల నోట షుగర్ అయి, ఖండ శర్కరలోని ఖండము క్యాండీ యయి, లోకము చుట్టి వచ్చెను. ఈ రెండు మాటల ప్రయాణమును తలచినపుడు, చక్కెర మనది, దానిని పాకముపట్టి సీసాలో నిలువ చేయు యుక్తి వారిది అని పంపకము చేయ మనసగును. చరిత్ర అంత చక్కగా పంపకములు చేయదు గాని, షర్బతునకును పానకమునకును గల భేదము మాత్రము సత్యము. పానకము నాటికి నాడు చేయునది, నీట నానవేసిన బెల్లమును చేతితో మెదిపి వడగట్టునది. షర్బతు ముందే కాచి పాకముగా నిలిపి, అతిథి వచ్చిన క్షణమున చల్లని నీటిలో కలుపునది. బరఫు చాయ ఈ రెండవ కుటుంబమునకు చెందినది. ఈ మాట మరల వచ్చును.

షర్బతు కోటలో మాత్రమే నిలువలేదు. కర్బలా మైదానమున 680లో దప్పికతో మరణించిన వారిని స్మరించుచు మొహర్రము దినములలో బాటసారులకు నీరును షర్బతును పంచు ఆచారము, తెలంగాణపు పల్లెలలో పీర్ల పండుగగా మారి, మతభేదము లేక అందరిదియైనది. పీరును మ్రొక్కుకొన్న హిందూ గృహిణి బెల్లము కలిపిన షర్బతును, మలీద ముద్దలను పీర్లచావడికి కొనిపోవును. ఆమె చేతి కడవలో నుండునది నిజమునకు పానకమే. శ్రీరామనవమినాడు వడపప్పుతో పాటు రాములవారికి నివేదించునదియు అదే. ఒకచోట మిరియము ఘాటు, ఒకచోట సోంపు వాసన. ఒకే బెల్లపుముద్ద రెండు పండుగలను తీపి చేయుట మా వైపువారికి వింత కాదు కనుక, దానిని గూర్చి ఎవరును ఉపన్యసింపలేదు.

బెల్లము సంగతి కొంత నిలిచి చెప్పవలసినది. జహీరాబాదు వైపు పొలములలో జొన్నయు కందియు శనగయు ఎంత పాతవో, నీరున్న చోట చెఱకు అంత ప్రియమైనది. ఎడ్లు తిరుగు గానుగలో చెఱకు నలిగి, రసము వెడల్పాటి యినుప పెనమునకు చేరి, పిప్పియే ఇంధనముగా గంటల తరబడి మరుగును. బెండకాడలను నలిపిన జిగురు నీరు పోసినపుడు మడ్డి పైకి తేలును. దానిని జల్లెడగరిటెతో తీసివైచుచు, కొంచెము సున్నపునీటితో రసపు పులుపును విరిచి, పాకము ముదిరిన జాడను చన్నీటిలో ఒక చుక్క వేసి వ్రేళ్లతో ఉండచేసి పరీక్షింతురు. ఉష్ణమాపకము లేని ఆ వ్రేళ్లు, నూటపదునెనిమిది డిగ్రీల దాపున పాకము నుండలో పడు ఆ క్షణమును ఇంచుమించు తప్పక పట్టగలవు. ఇంతకష్టముతో వచ్చిన బెల్లములో తీపియొక్కటే కాక, ఇనుప పెనపు అంశము, కాలిన రసపు కమ్మదనము, మట్టి రుచి అన్నియు ఉండును. చల్లని నీటిలో పానకమైనపుడు ఈ మోటుతనమే దాని అందము. చాయలో అది ఏమగునో పిదప చూతము.

చల్లదనమునకు ఆధారము రంజను. పెద్ద పొట్టయు సన్నని మెడయు గల మట్టికుండకు ఈ ప్రాంతమున ఆ పేరు. వసారాలో గాలి తగులుచోట, తడి యిసుక దిబ్బపై దానిని నిలిపి, నోట మూకుడు బోర్లించి ఉంచుదురు. మట్టి రంధ్రముల గుండ నీరు చెమర్చి, పైపొర ఆవిరియగుచు, లోపలి నీటి నుండి వేడిని కొనిపోవును. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు అయిదువందల ఎనుబది కెలోరీల దాపున వేడి కావలయును. ఒక గ్రాము మంచుగడ్డ కరుగుటకు ఎనుబది కెలోరీలే. అనగా, బరువునకు బరువుగా చూచినచో, చెమట పట్టిన కుండ చేయు పని మంచుగడ్డ పనికి ఏడింతలు. కోస్తా తీరమున గాలిలోనే తడి నిండియుండుటచే కుండ చెమట ఆరదు, నీరు చల్లబడదు. దక్కను పీఠభూమిపై ఏప్రిలు, మే నెలల పొడిగాలి ఎంత పెదవులను పగులగొట్టినను, రంజనునకు మాత్రము పరమమిత్రము. రాజులకు వేరు ఉపాయములుండెను: అక్బరు కొలువులో నీటిని చల్లబరచిన తీరును అబుల్ ఫజల్ వ్రాసియుంచినాడు. అయిదు శేర్ల నీటిలో రెండున్నర శేర్ల సురేకారము కలిపి, మూతవేసిన లోహపు కూజాను అందులో త్రిప్పుచుండిన, లోపలి నీరు చల్లబడునట. తుపాకి మందునకు వాడు పదార్థమును దాహమునకు వాడుట మెచ్చదగినదే కాని, పల్లె యిల్లాలికి రంజనును మించిన చక్రవర్తిత్వము అక్కరలేకపోయెను.

ఇట్లు తీపియును చల్లదనమును కుదిరియున్న ఇంటిలోనికి చాయ వేడిగా వచ్చెను. అస్సాములో తేయాకు తోటలు పెరిగిన పిదపయు చాలకాలము అది ఎగుమతి సరకే. 1903లో తేయాకుపై సుంకము విధించి, ఆ ధనముతో స్వదేశమున కూడ చాయ త్రాగించుటకు ప్రచారము పూనిన తరువాత, రైలు స్టేషనులలో, మిల్లులలో, గనులలో చాయ అంగళ్లు వెలసెను. చాయ కాచు విధమును దేశభాషలలో రంగుల ప్రకటనలపై ముద్రించిరి. ఆ ప్రచారకులకు ఒక తీరని దుఃఖముండెను: నీరు మరుగనిచ్చి, ఆకును దానిలో కొలతగా నాననిచ్చి, పాలను చక్కెరను మితముగా కలుపుడని వారెంత మొత్తుకొన్నను, మనవారు ఆకును తగ్గించి పాలను పెంచి, చక్కెరను గుప్పించి, అల్లమో ఏలకియో దంచివేసి, అన్నిటిని కలిపి ఉడికించిరి. వారికిది అనాచారముగా తోచినది. పానకమునకు అలవడిన నాలుకకు చేదుకషాయమును ఒప్పించు మార్గము అంతకంటె వేరేమున్నది? వికారాబాదు నుండి జహీరాబాదు మీదుగా బీదరునకు పోవు రైలుమార్గము 1930ల తొలినాళ్లలో పూర్తియై, న్యాల్‌కల్ దాపున మెటల్‌కుంటలోను బండి నిలుచుట మొదలైన తరువాత, హైదరాబాదు ఇరానీ హోటళ్ల రుచి ఈ పల్లెలకు చేరువైనది. పాలు చేర్చక, నిమ్మరసము పిండి, కొందరు పుదీనాకు వైచి ఇచ్చు సులేమానీ చాయ కూడ ఆ నగరపు విందులలో చిరకాలముగా నున్నదే. సులేమానీని చల్లబరచినచో బరఫు చాయ యగును. పేరు మార్చుటకు తప్ప వేరేమియు చేయనక్కరలేదు.

చాయ వెంట చక్కెర వచ్చినది. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణమిచ్చు చట్టము వెలువడిన తరువాత, బ్రిటిషు ఇండియాలో ముప్పది చిల్లరగా నున్న కర్మాగారములు అయిదారేండ్లలో నూటముప్పదికి మించినవి. నిజాము రాజ్యమున 1937లో బోధనులో స్థాపింపబడిన కర్మాగారము కొంతకాలమునకు జహీరాబాదు దాపున కొత్తూరులో కూడ శాఖ నెలకొల్పి, ఈ ప్రాంతపు చెఱకును గానుగ నుండి తన వైపు త్రిప్పుకొనెను. ఆ శాఖ తరువాత చేతులు మారినది. తెల్లని చక్కెరను అందరును వెంటనే ఆదరింపలేదు. స్వదేశీ ఉద్యమపు దినములలో, సీమ చక్కెరను ఎముకల బొగ్గుతో తెలుపు చేయుదురను మాట దేశమంతట ప్రాకి, ఆచారవంతుల పూజామందిరము నుండి దానిని దూరము చేసినది; నేటికిని రాములవారి పానకమున చక్కెర వేయు ఇల్లాలు అరుదు. ఆ పిమ్మట యుద్ధము వచ్చి, రేషను వచ్చి, కార్డుపై తూచి ఇచ్చు చక్కెరను డబ్బా అడుగున దాచి, చుట్టమునకు శక్కరి చాయ, ఇంటివారికి బెల్లపు చాయ అను వర్ణభేదమును ఇండ్లు పాటించినవి. నేడు పట్టణములలో బెల్లపు చాయకు ప్రత్యేకముగా అంగళ్లు తెరచి, మట్టిపిడతలో పోసి, అధిక ధరకు అమ్ముచుండగా చూచినపుడు, ఆ రోజులలో ఇంటివారి పాలైనది ఎంతటి భోగమో తెలియక చిన్నబుచ్చుకొంటిమే యని నవ్వు వచ్చును.

ఇక బరఫు. ఫ్రెడరిక్ ట్యూడరు అను బోస్టను వర్తకుడు తన దేశపు చెఱువులలో శీతకాలమున గడ్డకట్టిన నీటిని దిమ్మలుగా కోయించి, రంపపుపొట్టులో కప్పి, టస్కనీ యను ఓడపై పంపగా, 1833 సెప్టెంబరులో అది కలకత్తా చేరెను. బయలుదేరిన నూటయెనుబది టన్నులలో నూరు టన్నుల దాపున కరుగక మిగిలినదట. మదరాసు సముద్రతీరమున 1842లో కట్టిన మంచు గిడ్డంగి నేటికిని నిలిచియున్నది, వివేకానందుని పేరు దాల్చినది. యంత్రముతో మంచుగడ్డ చేయుట నేర్చిన పిదప ఆ ఓడలు నిలిచిపోయినవి. పొట్టును గోనెయును కప్పుకొన్న బరఫు దిమ్మయు, దానిని చెక్కు మేకును, గోలీసోడాయును బస్తీల సంతలకు చేరినవి కాని, చాయలో దానిని వేయవలయునను ఊహ మనవారికి చాలకాలము తోచలేదు. ఆ ఊహ అమెరికాలో పుట్టినది. 1877లోను 1879లోను అచట అచ్చుపడిన వంటపుస్తకములలో బరఫు చాయ కనిపించును. వానిలో రెండవది, వర్జీనియా గృహిణుల వంటలను మారియన్ క్యాబెల్ టైరీ అను నామె కూర్చినది, పచ్చఆకు చాయను నానబెట్టి, బరఫు నింపిన పాత్రలలో చక్కెరపై పోసి, నిమ్మరసము పిండుమని చెప్పును. 1890లో మిస్సోరీ రాష్ట్రపు నెవాడా అను ఊర మాజీ సైనికుల సమావేశమున 880 గ్యాలనుల బరఫు చాయ ఖర్చయినట్లు నాటి పత్రికలు వ్రాసినవి.

ఇచట మన దేశము కథలోనికి ప్రవేశించును. 1904లో సెయింట్ లూయిసు నగరపు ప్రపంచ ప్రదర్శనమున, భారత తేయాకును అమెరికనులకు అలవరచుటకై నియుక్తుడైన రిచర్డు బ్లెచిండెను వేడి చాయను ఉచితముగా పంచబోగా, ఆ యెండలో ఎవరును ముట్టలేదట. అపుడాయన చాయను మంచుతో చల్లబరచి ఇచ్చుటతో జనము విరుచుకొనిపడి, బరఫు చాయ పుట్టినదని లోకము చెప్పుకొనును. పాత వంటపుస్తకములు చూచినవారు దీనిని పుట్టుకగా అంగీకరింపరు. పుట్టుక కాకపోవచ్చును గాని, అంతకు మున్ను చీనా జపానుల పచ్చఆకుతో చేసికొనెడి పానీయమును మన నల్లని ఆకు ఆక్రమించుటకు ఆ ప్రదర్శనము తోడ్పడినదనుట సబబు. మన ఆకు అమెరికా మంచును కలిసికొనుటకు అంత దూరము పోవలసి వచ్చెను. మనయింట దానిని ఆహ్వానించుటకు మనకు మరి డెబ్బది ఎనుబదియేండ్లు పట్టెను.

ఆలస్యమునకు నాకు తోచిన కారణము పాలు. పాలు చేర్చి ఉడికించిన చాయ చల్లారినచో మీగడ తెట్టెకట్టి, దానిని మరల వేడిచేసికొనుటయో పారబోయుటయో తప్ప గతి లేదు. చల్లారిన చాయ అనునది మన భాషలలో అనాదరమునకు పర్యాయపదమైనది. పాలు మానిన నాడే బరఫు చాయకు దారి తెరచుకొనును. పాలు మానగానే వచ్చు మొదటి చిక్కు తీపిది. చల్లని ద్రవమున చక్కెర కరగదని చెప్పుట వాడుక. అది సరియైన మాట కాదు. మంచువంటి నూరు గ్రాముల నీటిలో కూడ నూటయెనుబది గ్రాముల చక్కెర కరగగలదు. మరుగునీటిలో నాలుగువందల యెనుబదికి మించి కరగును. గ్లాసులో అంత చక్కెర ఎవరును వేసికొనరు కనుక, లోపము శక్తిలో లేదు, వేగములో నున్నది: చల్లని చాయలో పలుకులు అడుగునకు దిగి, చెంచా అలసిపోవువరకు తిరిగినను సగము అచటనే ఉండును, త్రాగువాడు పైని చేదును, అడుగున పానకమును రుచిచూచును. షర్బతు చేయు చేతికి ఈ చిక్కు ఎన్నడును రాలేదు. రెండుపాళ్ల చక్కెరకు ఒకపాలు నీరు పోసి, వ్రేళ్ల నడుమ జిగురు పట్టువరకు లేతపాకము కాచి, పలుకుకట్టకుండ నాలుగు చుక్కల నిమ్మరసము పిండి, చల్లారిన పిదప సీసాలో పోసి, ఆ సీసాను చీమలకు అందకుండ నీటిపళ్లెములో నిలుపుట పాత విద్య. వట్టివేళ్లో గులాబిరేకులో వేసినపుడు అది షర్బతు పాకము; ఏమియు వేయనపుడు అదే చాయకు తీపి.

రెండవ చిక్కు బరఫుది. ఇచట కొంత గణితము తప్పదు. తొంబది డిగ్రీల వేడిగల నూటయేబది గ్రాముల చాయను పది డిగ్రీలకు దింపుటకు నూటముప్పదిమూడు గ్రాముల బరఫు కరగవలయును, అనగా చాయ ఎంతో నీరును ఇంచుమించు అంతయే చేరును; అందుచే వేడిచాయపై బరఫు పోయు పద్ధతివారు ఆకును తీపిని రెట్టింపు వేయుదురు. అదే చాయను ముందుగా ముప్పది డిగ్రీలకు చల్లారనిచ్చినచో, ముప్పదిమూడు గ్రాముల బరఫు చాలును. నాలుగింట మూడు వంతుల బరఫును మిగిల్చిన ఆ చల్లార్పు రంజను సొత్తు. చాయను కుండలో పోయరాదు. మట్టి దాని వాసనను పీల్చి, మరునాటి నీటికి అప్పగించును. మూతగల చెంబులో పోసి, చెంబును కుండనీటిలోనికి మెడవరకు దింపుదురు. చెంబు ఇత్తడిదైనచో కళాయి ఉండవలయును. కళాయి లేని ఇత్తడిలో నిమ్మపులుపు తగిలిన కిలుము పట్టి వికారము పుట్టును. కళాయివాని కేక వీధులలో వినబడని ఈ దినములలో ఉక్కు చెంబో గాజు జాడీయో మేలు. నిదానముగా చల్లారుటలో మరియొక లాభము కలదు: చిక్కగా కాచిన చాయను వేడిగా నుండగనే అతిశీతలమున పెట్టినచో, దానిలోని కషాయాంశములు ఒకదాని నొకటి పట్టుకొని, కలకబారి, బురదనీటి వన్నె వచ్చును, ఒక గరిటెడు మరుగునీరు పోసినచో తేరుకొనును గాని, మొదటి తేట మరల రాదు.

బెల్లముతో బరఫు చాయ చేయరాదా యని అడుగువారుందురు. చేయవచ్చును, నేను చేసి చూచితిని. వేడి పాలను విరిచెడి బెల్లపు దోషము పాలులేని చాయలో ఎన్నటికిని కనబడదు. కాని ఇనుప పెనము నుండి బెల్లమునకు సోకిన లోహాంశము చాయలోని వగరును కలిసినపుడు, రంగు నల్లబారును. కరక్కాయ కషాయమున ఇనుపరజను వేసి మన పూర్వులు సిరా చేసికొన్న సూత్రమే ఇచట గ్లాసులో జరుగును. నిమ్మరసము పిండగనే చాయరంగు తేలికపడుట అందరును చూచినదే. బెల్లపుచాయ ఆ వెలుగునకు అంతగా లోబడదు. కంటికి నచ్చకున్నను నాలుకకు అది నచ్చును: చల్లదనము తీపిని మందగింపజేయుటచే చక్కెరచాయ కొంత బోసిగా తోచు చోట, బెల్లము తన కాలిన కమ్మదనముతో నిలిచియుండును. ఒక మిరియపుగింజ నలిపి వైచినచో అది శ్రీరామనవమికి దూరపు చుట్టమగును. కంటి కొఱకు చక్కెర, నాలుక కొఱకు బెల్లము అని ఇంటివారు ఎంచుకొనవచ్చును. నేను రెండవ పక్షము.

జహీరాబాదు బస్తీ నుండియు, చుట్టుప్రక్కల పల్లెల నుండియు చదువులకును కొలువులకును తెలుగు పిల్లలు అమెరికా పోవుచున్న ఈ కాలమున, బరఫు చాయ వెనుకకు తిరిగి మనయింటికి వచ్చుచున్నది. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో స్వీట్ టీ అనునది కాచునపుడే చక్కెర కరిగించిన బరఫు చాయ. తీపి లేనిదానిని అడిగి తెచ్చుకొనవలసినదే. అది వారికి ఎంతటి స్వాభిమాన విషయమనగా, 2003లో జార్జియా శాసనసభలో కొందరు సభ్యులు, చాయ అమ్ము ప్రతి భోజనశాలయు తీపిచాయను తప్పక ఉంచవలయునని ఏప్రిలు పరిహాసముగా ఒక బిల్లునే ప్రవేశపెట్టిరి. ఉత్తర రాష్ట్రములలో అట్లు కాదు. తీపిలేని చాయను ముందు పెట్టి, ప్రక్కన చక్కెర పొట్లముల నుంచుదురు. పిల్లలను చూడబోయిన తల్లులు ఆ పొట్లములను చింపి, అడుగున పలుకులు పేరుకొనుట చూచి, పాకము పట్టరాదా యని అడిగిన మాట నేను ఒకరికంటె ఎక్కువమంది నోట వింటిని. అట్లాంటా నగరపు తీపిచాయను వారు అడుగక మెచ్చుకొందురు. ప్రచారకులు నూరేండ్ల క్రిందట అనాచారమని వాపోయిన అతిమాధుర్యము, సముద్రమునకు ఆవల, వేరొక జాతి స్వయముగా కనిపెట్టుకొన్నదే.

న్యాల్‌కల్ ప్రాంతపు ఇండ్లలో నేడు శీతలయంత్రము వంటగదిలో ఒక మూల నిలిచినది, రంజను వసారాలో తన చోట మిగిలినది. యంత్రమును పదియేండ్లు వాడుదురు. రంజనును ఏటేట మార్చవలయును. నీటిలోని లవణములు రంధ్రములను పూడ్చివైచుటచే, రెండవ వేసవికి కుండ చెమర్చుట తగ్గి, నీరు చల్లబడుట మందగించును. హోళీ గడచిన పిదప కుమ్మరియింటి నుండి క్రొత్త రంజను వచ్చును. మూడునాళ్లు నీరు పోసి పారబోసిన గాని దాని పచ్చిమట్టి వాసన త్రాగుటకు అనువు కాదు, ఆ వాసననే కోరి మొదటినాడే త్రాగువారును కలరు. పాత రంజను పెరటిలో కోళ్లకు నీటితొట్టి యగును. పిల్లలు చాయ కాచి, పాకము కలిపి, సరాసరి యంత్రములో పెట్టబోయినపుడు, వేడిగిన్నె పెట్టిన యంత్రము చెడునని పెద్దవారు గదమాయింతురు. గిన్నె మూతతో వసారాకు వచ్చి, కుండ ప్రక్కన, తడి యిసుకపై ఒక గంట కూర్చుండును. అది లేచిపోయిన పిదప ఇసుకలో గుండ్రని గుర్తు మిగులును. దాని అంచున, ఎవరో జార్చిన ధనియాలు నాలుగు మొలకెత్తియుండును.